దోమకడుపులో దొరికిన రహస్యము

పుదుచ్చేరి పట్టణమున, రోగములను మోసుకొనివచ్చు కీటకములను గూర్చి పరిశోధించు కేంద్రమొకటి కలదు. దానిని 1975లో భారత వైద్య పరిశోధనా మండలి స్థాపించినది. దోమను సూక్ష్మదర్శిని క్రింద నుంచి పరిశీలించుట నేడు సామాన్యమైన పనిగా తోచును. కాని దోమలో మలేరియా జాడ మొట్టమొదట కంటబడినది తెలుగునేలపై నని మనలో ఎందరెరుగుదురు?

చలిజ్వరము చెడుగాలివలన పుట్టునని పాశ్చాత్యులు చిరకాలము నమ్మిరి. మలేరియా యను ఇటలీ పదమునకు అర్థమదియే. మనవారు దానిని మన్యపు జ్వరమనిరి. 17వ శతాబ్దముననే హాలెండు వస్త్రవర్తకుడు లేవెన్‌హుక్ తాను సానపట్టిన కటకముతో సూక్ష్మజీవులను చూచెను. ఐనను ఆ వింతవస్తువు రోగకారణమును తెలుపు సాధనముగా మారుటకు రెండు శతాబ్దములు పట్టెను. 1880 నవంబరు 6వ తేదీన ఫ్రెంచి సైనికవైద్యుడు లావెరాన్, అల్జీరియాలో జ్వరపీడితుడైన సైనికుని రక్తమున కదలాడు పరాన్నజీవిని కనుగొనెను. అది రక్తమున ప్రవేశించు మార్గమేది?

1894లో లండనునందు మాన్సన్ అను వైద్యుడు రోనాల్డ్ రాస్‌కు ఆ జీవిని చూపి, దోమలను శంకింపుమనెను. రాస్ రెండేండ్లకు పైగా దోమలను కోసి చూచెను, ఫలము లేదు. అవి వేరుజాతి దోమలు. 1897 ఆగస్టులో సికిందరాబాదున హుస్సేన్‌ఖాన్ అను రోగి, మచ్చల రెక్కల దోమలచే కుట్టించుకొన నంగీకరించెను. కుట్టిన దోమకు అణా చొప్పున పది అణాలు ముట్టెను.

అది విపరీతమైన ఉక్క. పంకా విసరిన దోమలెగిరిపోవును గనుక అదియు లేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. కంటి అద్దము బీటలువారి యుండెను. ఆగస్టు 20న ఒక దోమ జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులుగల కణములు కనబడెను. మరునాడు మిగిలిన దోమలో అవియే మరింత పెరిగి యుండెను! జీవి దోమయందు వృద్ధిపొందుచున్నదని రుజువు దొరికినది. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై శోధించి, దోమకాటుచేతనే వ్యాధి సంక్రమించునని రాస్ నిరూపించెను.

1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు నోబెల్ బహుమానములు లభించెను. హుస్సేన్‌ఖాన్‌కు దక్కినవి పది అణాలే. వైద్యుని ఓర్పుతోపాటు, రోగి చాచిన చేయియు ఈ విజయమున భాగస్వామియే. ఇంటిముంగిట నిలిచిన నీటిని పారబోయు ప్రతి గృహస్థుడును ఆ యిరువురిని స్మరింపదగును.