ఇల్లు కొనుగోలుకు ముందు తనిఖీ

ఇల్లు కొనుగోలుకు ముందు తనిఖీ అంటే, కట్టి ఉన్న ఇంటిని కొనదలచినవారు బయానా ఇవ్వడానికి ముందే అర్హత గల సాంకేతిక నిపుణునితో దానిని పరీక్ష చేయించి, నిర్మాణ స్థితిపై లిఖితపూర్వక నివేదిక తీసుకోవడం. అమెరికాలో ఇది ప్రత్యేక వృత్తి. అక్కడి గృహ తనిఖీదారుల సంఘం 1976లో ఏర్పడింది. బ్రిటన్‌లో ఈ పనిని చార్టర్డ్ సర్వేయర్లు చేస్తారు. భారతదేశంలో గృహ తనిఖీదారు అనే వృత్తికి ప్రత్యేక లైసెన్సు చట్టం లేదు. కనుక నిపుణుని అర్హతలను కొనుగోలుదారే విచారించుకోవాలి.

కోనసీమలో ఆవశ్యకత

కోనసీమ గోదావరి పాయల నడుమ ఏర్పడిన డెల్టా భూమి. ఒండ్రు, బంకమట్టి నేలలు, నేలకు దగ్గరలోనే ఉండే భూగర్భజలం వల్ల పునాదులు కుంగడం, గోడలకు చెమ్మ ఎక్కడం ఇక్కడ సాధారణ సమస్యలు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను ఈ ప్రాంతానికి తీవ్ర నష్టం కలిగించింది. 1986, 2006, 2022 సంవత్సరాలలో గోదావరికి భారీ వరదలు వచ్చాయి. పాత ఇల్లు కొనేవారు అది ఎన్ని వరదలు, తుఫానులు చూసినదో ఇరుగుపొరుగు వారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

అమలాపురం మండలంలోని బండారులంక చేనేతకు పేరుపొందిన గ్రామం. గుంట మగ్గం ఉన్న ఇంటిలో నేల కింద గుంట తవ్వి ఉంటుంది. మగ్గం తీసివేసిన తరువాత ఆ గుంటను సరిగా దిమ్మిస కొట్టకుండా పూడ్చితే, పైన వేసిన గచ్చు కాలక్రమేణా కుంగుతుంది. వర్షాకాలంలో అక్కడ నీరు ఊరే అవకాశం కూడా ఉంది.

పరీక్షించవలసిన అంశాలు

పునాది, గోడలు: పగుళ్ళు సున్నపు పూతకే పరిమితమా, గోడను చీల్చుకుపోయాయా అన్నది చూడాలి. తలుపులు, కిటికీల మూలల నుండి ఏటవాలుగా సాగిన పగుళ్ళు పునాది కుంగుదలకు సూచన కావచ్చు.

శ్లాబు, స్తంభాలు: పెచ్చులూడడం, తుప్పు మరకలు లోపలి ఇనుప చువ్వలు పాడవుతున్నాయని తెలుపుతాయి. ఉప్పునీటితో గాని, ఉప్పు గల ఇసుకతో గాని కట్టిన ఇంటికి ఈ ముప్పు ఎక్కువ. కాంక్రీటు కలపడానికి, తడపడానికి సముద్రపు నీరు తగదని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 చెబుతుంది. సందేహం ఉన్నచోట రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించవచ్చు.

పెంకుటిళ్ళు, మండువా ఇళ్ళు: దూలాలు, వాసాలు గోడలో దిగే చోట చెదలు, పుచ్చు చూడాలి.

ఇతరములు: విద్యుత్ తీగలు, ఎర్తింగు, మురుగు పారుదల, సెప్టిక్ ట్యాంకుకు నూతికి మధ్య దూరం.

వానలు పడుతున్న రోజుల్లో గాని, వెలిసిన వెంటనే గాని చూస్తే కారుడు, చెమ్మ దాగవు. అమ్మకానికి ముందు వేసిన కొత్త రంగు పగుళ్ళను కప్పివేయవచ్చు.

నిపుణుని ఎంపిక

సివిల్ ఇంజనీరింగు పట్టా, పాత భవనాల పరీక్షలో అనుభవం ముఖ్యం. 1920లో స్థాపించబడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ అర్హులైన సభ్యులకు చార్టర్డ్ ఇంజనీరు హోదా ఇస్తుంది. ఆర్కిటెక్టులు 1972 నాటి చట్టం ప్రకారం నమోదై ఉండాలి. పెద్ద పగుళ్ళు ఉన్న ఇంటికి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

అర్హతతో పాటు నిష్పాక్షికత కూడా అవసరం. అమ్మేవారు గాని, మధ్యవర్తి గాని పంపిన నిపుణునిపై ఆధారపడరాదు. మరమ్మతు పని తానే చేస్తానని ఆశించే మేస్త్రీ లోపాలను పెంచి చెప్పవచ్చు. రుసుము ఇంటి ధరతో గాని, బేరం కుదరడంతో గాని ముడిపడకుండా ముందే నిర్ణయించుకోవాలి. గతంలో వ్రాసిన నివేదిక నమూనా చూపమని అడగవచ్చు.

బ్యాంకు పంపే మదింపుదారు ప్రధానంగా రుణానికి తగిన విలువను నిర్ణయిస్తాడు. ఇంటి లోపాలను సమగ్రంగా వెదకడు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీ నమోదైన లావాదేవీలను మాత్రమే తెలుపుతుంది. ఈ రెండూ తనిఖీకి బదులు కావు.

చట్టపరమైన రక్షణ

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు వెల్లడించాలి. అయితే కొనేవారు సాధారణ జాగ్రత్తతో కనుగొనగలిగిన లోపానికి ఈ నియమం వర్తించదు. అందువల్ల కంటికి కనిపించే పగులును చూడకుండా కొన్నవారికి తరువాత న్యాయం పొందడం కష్టం.

రెరా చట్టం, 2016లోని 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాలలో నిర్మాణ లోపం తన దృష్టికి తెస్తే ప్రమోటరు 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోని ప్రాజెక్టులకు, 8 ఫ్లాట్లకు మించని ప్రాజెక్టులకు రెరా నమోదు తప్పనిసరి కాదు. గ్రామాలలో యజమాని నుండి నేరుగా కొనే పాత ఇంటికి ప్రమోటరు బాధ్యత అనేదే ఉండదు. అటువంటి ఇళ్ళ విషయంలో ముందస్తు తనిఖీయే ప్రధాన రక్షణ. నివేదికలోని మరమ్మతుల అంచనా ధర తగ్గింపు కోరడానికి, లేదా ఇల్లు మానుకోవడానికి ఆధారమవుతుంది.

ఇవి కూడా చూడండి

బండారులంక
కోనసీమ
మండువా లోగిలి
గుంట మగ్గం