ఏటి దాకా వచ్చి ఆగిన బాట



బస్సెక్కి టిక్కెట్టు తీసుకున్నాక మనం చూసుకునేవి రెండే. పిల్లాడికి కిటికీ పక్కన చోటు దొరికిందా, పళ్ల సంచీ కాళ్ల దగ్గర భద్రంగా ఉందా అని! ఈ రోడ్డు ఎవరు వేశారు, ఎక్కడినుంచి ఎక్కడికి వేశారు అన్న ఆలోచన మనకు రాదు. వచ్చినా అది ఇంజనీర్ల సంగతి అనుకుని ఊరుకుంటాం. కాని బాటకు కూడా ఒక కథ ఉంటుంది. అందులో రాజులూ దొరలూ ఉన్నట్టే ఆడపిల్లలూ ఉంటారు. అటువంటి ఒక బాటను గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

నిజామాబాదు నుంచి తూర్పుగా బస్తరు అడవుల్లోని జగదల్‌పూర్ దాకా పోయే బాట ఇది. పాత లెక్కలో దీన్ని 16వ నెంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో దేశమంతటా నెంబర్లు మార్చినప్పుడు దీనికి 63 వచ్చింది. పడమటి వైపు మహారాష్ట్రలోని బార్షీ దాకా దీన్ని పొడిగించారు కూడా. ఇప్పుడు 16 అంటే విజయవాడ మీదుగా పోయే కలకత్తా-మద్రాసు రోడ్డు. పాత పుస్తకం చూసి పిల్లలకు పాఠం చెప్పే తల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నిజామాబాదులో బయలుదేరితే మొదట పసుపుకు పేరుపడ్డ ఆర్మూరు వస్తుంది. అక్కడ హైదరాబాదు-నాగపూరు రోడ్డును దాటి పాత కరీంనగర్ జిల్లాలోకి వస్తాం. ఖద్దరు నేసే మెట్‌పల్లి, ఆ తర్వాత కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి. రాయపట్నం దగ్గర గోదావరి దాటామంటే పాత ఆదిలాబాదు జిల్లాలో అడుగు పెట్టినట్టే. లక్సెట్టిపేట, మంచిర్యాల, జైపూర్, చెన్నూరు అయిపోయాక అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత అడ్డం వస్తుంది. అవతలి గట్టు మహారాష్ట్ర, ఊరు సిరోంచ. ఇంకా ముందుకు పోతే ఇంద్రావతి. అది దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం, బీజాపూర్, చివరికి జగదల్‌పూర్. ఒక్క బాట మూడు ఏళ్లను దాటుతుందన్నమాట.

రోడ్డుకు నెంబరు రాకముందే ఇక్కడ మనుషుల నడక ఉంది. ధర్మపురి నరసింహస్వామి దగ్గరికి గోదావరి స్నానాలకు జనం వచ్చేవారు. నరసింహ శతకం చెప్పిన శేషప్ప కవిది ఆ ఊరే. ధర్మపురిలో గోదావరి దక్షిణానికి తిరుగుతుంది. చెన్నూరులో ఉత్తరానికి తిరుగుతుంది. అందుకే రెండు చోట్లా స్నానానికి విశేషం చెబుతారు. ఉప్పూ ధాన్యమూ ఎడ్ల మీద వేసుకుని లంబాడీలు ఊరూరా తిరిగిందీ ఇటువంటి బాటల్లోనే. జగిత్యాలలో ఇబ్రహీంఖాన్ ధంసా 1747లో నక్షత్రం ఆకారంలో కోట కట్టించాడు. దానికి ఫ్రెంచి ఇంజనీర్లు పనిచేశారు. కందకంతో సహా ఆ కోట ఇప్పటికీ నిలిచి ఉంది.

ఇక సరిహద్దు సంగతికి వస్తాను. 1860కి ముందు ప్రాణహితకు రెండు పక్కలా ఉన్నది నిజాం రాజ్యమే. 1857 తిరుగుబాటులో నిజాం ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. అందుకు మెచ్చి 1860లో కొత్త ఒడంబడిక చేసుకుని, రాయచూరు వంటి జిల్లాలను ఆయనకు తిరిగి ఇచ్చారు. దానితోపాటు గోదావరి, ప్రాణహితల ఎడమ గట్టును తాము తీసుకున్నారు. అలా సిరోంచ ఇంగ్లీషువారిదైంది, చెన్నూరు నిజాందిగా మిగిలింది. అన్నదమ్ముల మధ్య గోడ కట్టినట్టు ఒక కాగితం మీది సంతకంతో ఏరు సరిహద్దయింది!

ఇంగ్లీషువారికి ఆ గట్టు ఎందుకు కావలసి వచ్చింది? పత్తి కోసం. నాగపూరు, బేరారు ప్రాంతాల పత్తిని పడవల మీద ప్రాణహితలోంచి గోదావరిలోకి, అక్కడినుంచి సముద్రానికి దించాలని వారి ఆలోచన. అంటే వారు మొదట వేయదలచిన రహదారి నీళ్ల మీదే. సిరోంచను ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానం చేశారు. బండరాళ్లు అడ్డం వచ్చిన చోట ఆనకట్టలూ కాలవలూ మొదలుపెట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కిపోయింది. 1871లో పడవ కాలవల పని ఆపేశారు. 1874లో ఎగువ గోదావరి జిల్లానే ఎత్తేసి, సిరోంచను చాందా జిల్లాలో ఒక తహసీలుగా కలిపేశారు. ఆనాటి పనికి గుర్తుగా భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం ఆనకట్ట మిగిలింది.

పత్తి పోయింది, పడవ కాలవలు పోయాయి. సరిహద్దు మాత్రం పోలేదు. 1956లో రాష్ట్రాలను భాషను బట్టి విభజించినప్పుడు ఏరు దాటి ఇటు కలుస్తామేమోనని సిరోంచ తెలుగువారు కొందరు ఆశపడ్డారట. చాందాతోపాటు అది బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది. 1982లో గడ్చిరోలి కొత్త జిల్లా అయితే అందులో చేరింది. జిల్లా ఆఫీసులో పని పడితే సుమారు రెండు వందల కిలోమీటర్లు అడవిలో పోవాలి. చెన్నూరు మాత్రం ఏరు దాటితే వచ్చేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కాగితాలు గడ్చిరోలిలో, చుట్టాలు చెన్నూరులో!

ఈ మాట నేను విని చెప్పడం లేదు, చూసి చెబుతున్నాను. మా మేనత్తను చెన్నూరు నుంచి సిరోంచకే ఇచ్చారు. సంబంధం కుదిరినప్పుడు మా నాయనమ్మ, "ఏరవతల ఇస్తే బిడ్డ ఉన్నట్టా లేనట్టా?" అని రెండు రోజులు అన్నం ముట్టలేదట. నా చిన్నతనంలో బాపుతోపాటు రెండుసార్లు ఆమె ఇంటికి పోయాను. ఎండాకాలం ప్రాణహిత సన్నబడుతుంది. గూడుబండి ఇసుకలో కూరుకుపోతే అందరం దిగి నడిచేవాళ్లం. పాయ దగ్గర పడవ. ఎక్కేముందు బాపు ఏటికి దండం పెట్టి ఒక పైసా వేసేవాడు.

వానాకాలం పోవడం లేదు, రావడం లేదు. అక్కడే ఉంది ఆడవాళ్ల కష్టం. తెలంగాణలో ఆడబిడ్డ తల్లిగారింటికి వచ్చే పండుగ ఏది? బతుకమ్మ. అది వచ్చేది వానలు వెనకబట్టీ పట్టక, ఏరు ఇంకా నిండుగా ఉన్న రోజుల్లో. మా వాకిట్లో తంగేడు, గునుగు పేర్చి అందరూ ఆడుతుంటే నాయనమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని తూర్పు దిక్కే చూస్తుండేది. అత్తమ్మ వచ్చేది సంక్రాంతికో, ఉగాదికో. "ఏరు నిండుగున్నది బిడ్డా, బతుకమ్మకు రాలేకపోతి" అని నన్ను దగ్గరికి తీసుకునేది. ఆమెకు పోసే ఒడిబియ్యానికి కూడా ఏటి నీళ్లు తగ్గిన రోజే ముహూర్తం! నాయనమ్మ పోయింది కూడా శ్రావణంలోనే. కబురు అందింది కాని, అత్తమ్మ మాత్రం మూడో రోజుకు గాని గట్టు దాటలేకపోయింది. అప్పటికి అంతా అయిపోయింది.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి నేను ఈ మాట ఎత్తలేదు. ఒక్క సంగతి గమనించమంటున్నాను. ఇదంతా జరుగుతున్నప్పుడు కూడా దేశపటం మీద ఈ బాట నిజామాబాదు నుంచి జగదల్‌పూర్ దాకా ఎర్రగీతగా, ఎక్కడా తెగకుండా ఉంది. గీత ఏరు దాటింది గాని మనిషి దాటలేదు. ఈవలి గట్టున మాత్రం బాట బలపడుతూనే వచ్చింది. కాజీపేట-బల్లార్షా రైలు వచ్చింది, సింగరేణి బొగ్గు వచ్చింది, మంచిర్యాల పెద్ద ఊరైంది. 2016లో జైపూర్ దగ్గర సింగరేణివారి విద్యుత్ కేంద్రం పనిలోకి వచ్చింది. బొగ్గుకు బాట తొందరగా దొరుకుతుంది. ఒడిబియ్యానికి అంత తొందరగా దొరకదు.

దొరికింది, ఎట్టకేలకు. 2010 తర్వాతి పదేళ్లలో కాళేశ్వరం దగ్గర గోదావరి మీదా, అర్జునగుట్ట నుంచి సిరోంచకు ప్రాణహిత మీదా పెద్ద వంతెనలు కట్టారు. వచ్చిన మార్పు చూడాలంటే ప్రాణహిత పుష్కరాలు చూడాలి. ఈ పుష్కరం పన్నెండేళ్లకొకసారి. 2010 డిసెంబరులో వచ్చినప్పుడు ఈ గట్టు స్నానం ఈ గట్టున, ఆ గట్టు స్నానం ఆ గట్టున. దాటాలంటే పడవే దిక్కు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చేసరికి పొద్దున అర్జునగుట్టలో మునిగి, మధ్యాహ్నం సిరోంచలో చుట్టాలింట్లో భోజనం చేసి, సాయంత్రం కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీది రెండు లింగాలను దర్శించి ఇల్లు చేరుకోవచ్చు. మా అత్తమ్మ ఆ రోజు చూడలేదు. ఆమె మనుమరాలు మాత్రం చంటిపిల్లను ఎత్తుకుని మొన్నటి బతుకమ్మకు చెన్నూరు వచ్చింది. వంతెన మీద బస్సు ఎంతసేపు పోయిందని అడిగితే, "చూసుకోలేదు అమ్మమ్మా, పాప ఏడుస్తుంటే పాలు పడుతున్నా" అన్నది!

ఆ మాట విని నాకు నవ్వు వచ్చింది, కండ్లలో నీళ్లూ వచ్చాయి. ఏరు దాటుతున్నామన్న సంగతి కూడా గుర్తుండనంత మామూలైపోయిందన్నమాట. బాటకు అంతకంటే గొప్ప మెప్పు ఏముంటుంది? లారీల రద్దీ పెరిగింది, పడవ నడిపి బతికినవాళ్లకు ఆ పని పోయింది. ఆ సంగతి కూడా మరవకూడదు. వంతెన ఒకరికి ఇచ్చేటప్పుడు ఇంకొకరి దగ్గర తీసుకుంటుంది. వాళ్లకు మరో బతుకుతెరువు చూపించాల్సిన బాధ్యత వంతెన కట్టినవారి మీదే ఉంటుంది.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ, ఈసారి మీరు బస్సులో ఏదైనా వంతెన దాటేటప్పుడు ఒక్క నిమిషం కిటికీలోంచి కిందికి చూడండి. అది లేని రోజుల్లో ఏ గట్టున ఏ తల్లి కూర్చుని అవతలి గట్టుకేసి చూసిందో తలచుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి. ప్రతి బాట వెనకా ఇటువంటి కథ ఒకటి ఉంటుంది. చరిత్ర పుస్తకాల్లో అది ఉండకపోవచ్చు. మన ఇళ్లల్లో మాత్రం తప్పకుండా ఉంటుంది.

సెలవు.