బొమ్మల కథ – నియంతృత్వం

“బొమ్మల కథలకు చరిత్రలో చోటేమిటి?” అని నందివాడలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు నన్నడిగాడు. దీనికి అర్జెంటీనా చరిత్రే జవాబు.

1957-59లో ఓస్టర్‌హెల్డ్ రాయగా సొలానో లోపెస్ బొమ్మలు వేసిన శాస్త్రకల్పనా గాథ ‘ఎల్ ఎటెర్నౌతా’ అక్కడ వారపత్రికలో వెలువడింది. బ్యూనస్ ఎయిర్స్ మీద విషపు మంచు కురుస్తుంది. గ్రహాంతరాల నుంచి దండెత్తిన శత్రువును ఇరుగుపొరుగువారూ, కార్మికులూ కలిసి ఎదిరిస్తారు. ఇందులో ఒంటరి వీరుడు లేడు, సమష్టే నాయకుడు.

1976 మార్చి 24న సైన్యం అధికారం కాజేసింది. రచయిత అజ్ఞాతంలో ఉంటూ రెండవ భాగం రాశాడు. 1977లో అతన్ని ఎత్తుకుపోయారు. నలుగురు కుమార్తెలనూ ఆ పాలనే బలిగొంది.

కథ రాసినందుకే చంపారనడం సగం సత్యం. అతను మోంతోనెరోస్ సాయుధోద్యమంలో చేరాడు. కథలో చెప్పిన సమష్టిని జీవితంలోనూ నమ్మాడు. పాలకులు ఆ రెంటినీ విడదీసి చూడలేదు. విమర్శకులమైన మనమూ విడదీయరాదు.