పసిబిడ్డకు నడిమి పేరు



పోయిన నెల ఒక కుటుంబం పసిబిడ్డను ఎత్తుకొని మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల. ఆ తల్లికి ఇంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కలేదు. ఆ రెండు చిన్న గుంటల దగ్గర ప్రార్థన చేసినవాళ్లం మేమే. వచ్చే ఆదివారం బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించాలి, పేరు కావాలి అన్నారు. బైబిలు పేరు విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నడిమి పేరు దగ్గర వచ్చింది. "పిలిచినప్పుడల్లా నవ్వు రావాలి, అలాంటి పేరు చెప్పండి అయ్యగారూ" అన్నది తల్లి. నాయనమ్మ ఒప్పుకోలేదు. "పెంటమ్మ అని ఉంచండయ్యా. ముందు బిడ్డను బతకనీయండి, నవ్వు సంగతి తరువాత చూద్దాం" అన్నది.

ఈ కాలపు పిల్లలకు ఆ మాట అర్థం కాకపోవచ్చు. వెనకటి రోజుల్లో పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తరువాత పుట్టినదాన్ని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవారు. అడుక్కొచ్చిన బిడ్డ అన్నట్టుగా బిచ్చయ్య, భిక్షం అనీ పెట్టేవారు. ఈ బిడ్డ ఎవరికీ అక్కరలేనిది, చావు కూడా దీన్ని చూడకుండా దాటిపోవాలి అని వాళ్ల ఆశ. ఆ పేర్లు విని నవ్వేవారంటే మాకు కోపం వస్తుంది. వాటి వెనుక ఎంత భయం, ఎంత ప్రేమ ఉన్నాయో నాయనమ్మ ముఖం చూస్తే తెలిసింది. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. మన పల్లెల్లో కూలివాని బిడ్డకు మంచి పేరు పెట్టినా ఊళ్లోవాళ్లు దాన్ని విరిచి, చివర "గాడు" తగిలించి పిలిచిన రోజులు ఉన్నాయి. భయంతో మనమే పెట్టుకున్న పేరేదో, చులకనగా ఎదుటివారు అంటగట్టిన పేరేదో కొన్నిచోట్ల విడదీయలేము.

ఆ సాయంత్రం వాళ్లతో కలిసి 2 సమూయేలు 12వ అధ్యాయం తెరిచాము. దావీదు బిడ్డ కోసం ఉపవాసముండి నేల మీద పడి ఉన్నాడు, ఏడవ దినాన బిడ్డ చనిపోయింది. అది మనకు తెలిసిన కథే. ఆ తరువాతి మాటల దగ్గర మాత్రం మనం త్వరగా పేజీ తిప్పేస్తాము. బత్షెబకు మళ్లీ కొడుకు పుట్టాడు, సొలొమోను అని పేరు పెట్టారు. అప్పుడు దేవుడు నాతానును పంపి ఆ పసివానికి రెండో పేరు పెట్టించాడు, యదీద్యా. యెహోవాకు ప్రియుడని దాని అర్థం. సొలొమోను రాజయ్యాక ఆ పేరుతో ఎవరూ పిలిచినట్టు కనబడదు. కాబట్టి అది లోకం కోసం పెట్టిన పేరు కాదు, ఒక బిడ్డను మట్టికి అప్పగించిన ఇంటికి పంపిన కబురు అని మేము అనుకుంటాము.

రాహేలు ప్రాణం పోతూ కొడుకును బెనోని, నా దుఃఖపుత్రుడు అన్నది. యాకోబు ఆ పేరు నిలవనీయలేదు, బెన్యామీను అన్నాడు. భార్యను దారిలో పాతిపెట్టిన మనిషి పెట్టిన పేరు అది. ఇస్సాకు అంటేనే నవ్వు. దేవుడు ఆ పేరు చెప్పేనాటికి అబ్రాహాము నవ్వింది నమ్మలేక.

సంఘ చరిత్రలోకి వస్తే, 203వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో ఫెలిసితాస్ అనే దాసి హతసాక్షి అయింది. లాటిను భాషలో ఆ పేరుకు సంతోషం, భాగ్యం అని అర్థం. ఎనిమిదో నెల గర్భంతో చెరసాలలో పడి, అక్కడే ఆడబిడ్డను కన్నది. ఆ పాపను ఒక క్రైస్తవ సహోదరి తన కూతురిగా పెంచింది. కొద్ది దినాలకే సంతోషమనే ఆ తల్లి మృగాల ఎదుట నిలబడింది.

ఇక మన సంగతి. 1876లో మొదలైన ధాత కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలికి చస్తుంటే, మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత మేర కాంట్రాక్టు తీసుకొని పనీ కూలీ ఇప్పించాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగపల్లెలవారే. పాత పేరు విడిచిపెట్టాలన్న నియమమేమీ లేదు. ఆ ప్రాంతపు తొలి విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య చివరిదాకా పేరయ్యే. మనం పాడుకునే కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారూ అంతే. పేర్లు మెల్లగా, ఇళ్లలోనే మారాయి. మా సంఘపు పాత రిజిస్టరులో తాతల వరుసలో పెంటయ్య, బిచ్చమ్మ ఉన్నారు. మనవల వరుసకు వచ్చేసరికి బైబిలు పేరు పక్కన ఆనందం, సంతోషం, దీవెనమ్మ, కృపానందం కనబడతారు. ఆ పేర్లు పెట్టిన ఇళ్లలో అప్పుడు తిండి నిండుగా ఉందని అనుకోకండి.

ఆ పాప తండ్రి మరో మాట అడిగాడు, బడి రికార్డులో ఏం రాయించాలి అని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులాల హోదా క్రైస్తవులకు వర్తించదు గనుక, చాలా ఇళ్లలో బిడ్డకు బడి పేరు ఒకటి, చర్చి పేరు ఒకటి. అది పెద్ద సంగతి, మరొక రోజు రాస్తాము. అలాంటి ఇళ్లలో రెండు చోట్లా నిలిచేది ఈ తెలుగు నడిమి పేరు ఒక్కటే.

వాక్యం చదివాక నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఆ నాతాను కూడా అయ్యగారేనా?" అని అడిగింది. అవునన్నాము. "అయితే మీరూ పెట్టండి" అన్నది. నవ్వు అనే అర్థం వచ్చే తెలుగు పేరు ఒకటి బైబిలు పేరు పక్కన కుదిరింది. ఆ పెద్దమ్మకు అది నోరు తిరగదు, నవ్వులూ అని పిలుచుకుంటున్నది. ఆదివారం బిడ్డను మా చేతికి ఇచ్చినప్పుడు బుగ్గ మీద ఇంత కాటుక చుక్క ఉంది. చూశాము. ఏమీ అనలేదు.