ఇనుప నలుసు: బందరు అద్దకము నుండి వైద్యశాల దాక

కృష్ణానది సాగరమున గలియు తావునకు ఈశాన్యముగా మచిలీపట్టణపు రేవు కలదు. మనవారు దానిని బందరందురు. 1611 లో ఆంగ్లేయ వర్తకులు ఇచ్చట కొఠీ పెట్టినపుడు వారిని ఆకర్షించినది ఈ సీమలో నేసి, అద్దిన బట్ట. ఆ బట్టలోని ఎరుపునకు పటికయు చిరివేరును ఆధారములు. నలుపునకు ఇనుము ఆధారము. ఇనుమును అదుపులో నుంచుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్రలో ఈ నలుపు ఒక అధ్యాయము. నేటి వైద్యశాస్త్రములోని అయస్కాంత కణములు మరియొక అధ్యాయము. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింపగోరుచున్నాము.

అద్దకమువారు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపునీటితో కుండలో వేసి దినముల తరబడి పులియనిత్తురు. బెల్లము పులిసి ఆమ్లమగును. ఆ ఆమ్లమున ఇనుము కరగును. బట్టను అంతకుముందే కరక్కాయ కషాయములోను పాలలోను తడిపి ఆరవేసి యుందురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రాకనీయదు. కరక్కాయలోని వగరు పదార్థము ఇనుపనీటితో కలియగానే నల్లనగును. బందరు చెంతనున్న పెడనలో ఈ అద్దకపు పని నేటికిని సాగుచున్నది.

అయితే ఈ నలుపునకొక దోషము కలదు. శతాబ్దముల నాటి అద్దకపు బట్టలలో ఎర్రని పూవులు చెక్కుచెదరక నిలిచియుండగా, వాని చుట్టునున్న నల్లని గీతలు పలుచోట్ల చివికి రాలిపోయినవి. నూలున మిగిలిన ఇనుము ప్రాణవాయువుతో చేరి ఆ నూలునే తినివేయును. ఇనుము తోడైనచో హైడ్రొజన్ పెరాక్సైడు ఎంత తీవ్రముగ పనిచేయునో 1894 లో ఫెంటన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపెను. నెత్తుటిలోను ఇదే ప్రమాదము. కనుకనే మన శరీరము ఇనుమును విడిగా తిరుగనీయక, ఫెరిటిన్ అను మాంసకృత్తు గుల్లలో దాచుకొనును.

పాండురోగమునకు మండూర భస్మము, అనగా ఇనుప చిట్టెపు భస్మము, ఇచ్చుట మన వైద్యమున చిరకాలముగ నున్నదే. కాని నోటితో మ్రింగు ఇనుము వేరు, సిరలోనికి ఎక్కించు ఇనుము వేరు. 1947 లో నిసిమ్ అను వైద్యుడు ఐరన్ ఆక్సైడును చక్కెరతో కూర్చి సిరద్వారా ఇచ్చిన ఫలితములను ప్రకటించెను. ఇనుమునకు తొడుగు కావలెనను సూత్రము దీనితో బలపడినది.

తుప్పును పుట్టించుటకు ఉప్పుగాలి చాలును. గుడివాడ నుండి దివిసీమ దాక ఇంటింటి కొడవలియు అందుకు సాక్షి. ఒకే పరిమాణమున, అయస్కాంతగుణముతో కణములను చేయుటకు మాత్రము నేర్పు వలయును. 1963 లో అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన పాపెల్ అయస్కాంత శిలను ఓలియిక్ ఆమ్లముతో నూరి, అడుగున పేరుకొనని ద్రవమును సిద్ధపరచెను. 1981 లో ఫ్రెంచి రసాయనికుడు మాసార్ రెండు విధముల ఇనుప లవణములను క్షారముతో కలిపి, నీటిలో నిలుచు కణములను అవక్షేపించు పద్ధతిని ప్రకటించెను. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. సుమారు 20 నానోమీటర్లకు లోబడిన కణము అయస్కాంతము దరినున్నంతసేపే ఆకర్షింపబడి, అది తొలగగానే ఆ గుణము విడుచును. అందువలన గుంపుకట్టుట తగ్గును. అయినను పైపొర లేనిచో కణములు ఒకదానినొకటి అంటుకొని దిగిపోవును. ఆ పొరకు ఎక్కువగా వాడినది డెక్‌స్ట్రాన్. అది చక్కెరనుండి సూక్ష్మజీవులు తయారుచేయు పదార్థము.

ఇట్టి కణముల మందును కాలేయపు ఎం.ఆర్.ఐ. చిత్రములు స్పష్టమగుటకై అమెరికాలో 1996 లో అనుమతించిరి. తరువాత అది విపణినుండి తొలగినది. 2009 లో మూత్రపిండముల వ్యాధిగ్రస్తుల రక్తహీనతకు చక్కెరజాతి తొడుగుగల మరియొక మందు అనుమతి పొందెను. అరుదైనను ప్రాణాపాయకరమగు ప్రతిచర్యలు కనబడుటచే 2015 లో దానిపై తీవ్రమైన హెచ్చరిక చేర్చిరి. తొడుగును గూర్చిన పని ముగియలేదని దీనివలన తెలియుచున్నది.

బందరు కుండలోని బెల్లమును వైద్యుని డెక్‌స్ట్రాన్‌ను ఒక్కటిగ భావింపరాదు. మొదటిది ఇనుమును కరగించును, రెండవది కప్పును. మన అద్దకమువారికి నానో విద్య తెలియునని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇనుమును ఎప్పుడు విడువవలెనో, ఎప్పుడు బంధింపవలెనో అనుభవముతో గ్రహించినవారు వారు. ఆ గ్రహింపు అధికముగ చేతులలోనే యున్నది, కాగితముపై అల్పము. చేతులు మారకముందే కుండ కొలతలను, పులియు దినములను వ్రాసియుంచుట రసాయనశాస్త్ర విద్యార్థులకు తగిన పని యని మనవి చేయుచున్నాము.