గెలుపెఱుగని యిరువదేండ్లు

క్రీడాభిమాని యెందులకు మైదానమునకు పోవును? ఈ ప్రశ్న నెవరి నడిగినను "తన జట్టు గెలుచుట చూచుటకు" అను సమాధానమే వచ్చును. పైకి జూడ నిది సహేతుకముగానే తోచును. కాని కొంచెము లెక్కవేసి చూచినచో ఈ సమాధానము నిలువదు. ఒక పోటీలో పది జట్లు పాల్గొన్నచో కప్పు నొక్క జట్టే యెత్తుకొని పోవును. తక్కిన తొమ్మిది జట్ల యభిమానులును నిరాశతో నింటికి మరలవలసినవారే. ఆనందమంతయు గెలుపునందే యుండినచో వీరందఱును మఱుసటి యేడు మైదానము మొగము చూడరాదు. అయినను వారు మరల వచ్చుచున్నారు. తమ బిడ్డలను గూడ వెంటబెట్టుకొని వచ్చుచున్నారు. కావున గెలుపునకు వేఱైన ఫల మేదియో వారికి లభించుచుండవలెను. ఆ ఫలమెట్టిదో చరిత్ర నడిగి తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

ఇందులకు భారతదేశ క్రికెట్ చరిత్రను మించిన నిదర్శనము లేదు. మన దేశపు జట్టు తన మొదటి టెస్టు పోటీని 1932 జూన్ 25న లండనులోని లార్డ్స్ మైదానమున నారంభించెను. మొదటి గెలుపు 1952 ఫిబ్రవరి 10న మద్రాసు చేపాకములో లభించెను. ఈ నడుమ నాడిన యిరువదినాలుగు టెస్టులలో ఒక్కటైనను మనవారు గెలువలేదు. ఒక తరము బాలురు పెరిగి పెద్దవారై తమ బిడ్డలకు బ్యాటు పట్టుట నేర్పునంత కాలమది. విచిత్రమేమనగా సరిగా ఆ కాలముననే క్రికెట్టుపై మమకారము ఈ దేశమున వేరూనినది. ఆ మమకారమునకు పాదు తీసి నీరు పోసినవారిలో ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ముందు వరుసలో నుండుట మనకు విశేషముగా స్మరణీయము.

మొదట మద్రాసు సంగతి. మోతవరపు వేంకట మహీపతి నాయుడు అనిన నెవరికిని తెలియదు. బుచ్చిబాబు అనిన నందఱెఱుగుదురు. ఈయన 1868లో మద్రాసులోని సంపన్నమైన తెలుగు కుటుంబమున జన్మించెను. ఆ దినములలో మద్రాసు క్రికెట్ క్లబ్బు తెల్లవారి సొత్తు. దేశీయులకు సభ్యత్వము లేదు. బుచ్చిబాబు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, దేశీయ యువకులకు ఆట సామగ్రిని, ఆడుటకు తావును సమకూర్చెను. తెల్లవారికిని దేశీయులకును నడుమ పోటీ జరుపవలెనని సంకల్పించి, అది 1908లో కార్యరూపము దాల్చు తరుణముననే ఆయన కన్నుమూసెను. 1915 మొదలుకొని ఆ ప్రెసిడెన్సీ పోటీ క్రమముగా సాగి, పొంగలి పండుగ దినములలో చేపాకమున జరుగుచు, 1952 వరకు నిలిచెను. చెఱకుగడలతోపాటు క్రికెట్టును ఆ నగరమున పొంగలి లక్షణమాయెను. తన నాటిన మొక్క ఫలించుట చూడక బుచ్చిబాబు పోయెను. ఆయన పొందిన యానందము గెలుపు చూచిన యానందము కాదు. పదిమందిని మైదానమునకు చేర్చిన యానందము.

ఇక నాగపురము. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న ఆ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబమున బుట్టెను. సి. కె. నాయుడనిన నాటికిని నేటికిని క్రికెట్ లోకమున నొక సింహనామము. బొంబాయిలో 1926వ సంవత్సరాంతమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుతో హిందూ జట్టు తలపడెను. అతిథులలో ఎర్ల్ అనునాతడు 130 పరుగులు చేసి ఎనిమిది సిక్సర్లు కొట్టెను. దానికి బదులుగా నాయుడు రెండు గంటలైనను నిండకుండ 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సర్లు. ఆ సంగతి నగరమున ప్రాకి, పనులు మాని జనులు మైదానమువైపు పరుగులు తీసిరి. చోటు దొరకనివారు చెట్ల కొమ్మలును మేడల కప్పులును ఎక్కిరి. ప్రత్యర్థులే ఆయనకు వెండి బ్యాటు నొకటి బహూకరించిరి. ఇంతకును ఆ ఆటలో నెవరు గెలిచిరి? ఎవరును గెలువలేదు, సమముగా విడిచిరి. తొంబది యేండ్లు గడిచినను జనులు చెప్పుకొనునది ఆ పదునొకండు సిక్సర్లను గూర్చియే.

1932లో లార్డ్స్‌యందు నాయుడే మన నాయకుడు. మహమ్మదు నిస్సారు తొలి బంతులతోనే విజృంభింపగా, ఇంగ్లండు జట్టు 19 పరుగులకే మూడు వికెట్లు కోల్పోయి దిగ్భ్రాంతి చెందెను. తుదకు మనవారు 158 పరుగుల తేడాతో నోడిరి. చేతికి గాయమైనను నాయుడు బ్యాటు పట్టి 40 పరుగులు చేసెను. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో నదియే పెద్ద మొత్తము. ఆ పర్యటనముననే బర్మింగుహాములో ఆయన కొట్టిన యొక సిక్సరు మైదానమును దాటి, ప్రక్కనున్న రే నదిని గూడ దాటెనని ప్రతీతి. ఆనాడు రెండు జిల్లాలకు ఆ నదియే సరిహద్దు గావున, బంతి యొక జిల్లాలో లేచి వేఱొక జిల్లాలో వ్రాలెనని ఆంగ్లేయులే మురిసికొనిరి. ఓడిన జట్టు నాయకుని గూర్చి గెలిచిన దేశమువారు కథలు చెప్పుకొనుట గమనింపదగినది.

1933 డిసెంబరులో బొంబాయియందు మన గడ్డపై తొలి టెస్టు జరిగెను. లాలా అమరనాథు 118 పరుగులు చేసి, భారతీయులలో మొదటి టెస్టు శతకము సాధించెను. ఆవలి కొనను నిలిచి 67 పరుగులు చేసి యాతనికి తోడ్పడినవాడు నాయుడే. స్త్రీలు తమ యాభరణములను తీసి ఆ యువకున కిచ్చిరని నాటి ముచ్చట. ఆ టెస్టులో మనవారు తొమ్మిది వికెట్ల తేడాతో నోడిరి! ఆభరణము లిచ్చిన ఆ తల్లులు ఓటమి తెలిసిన పిదప వానిని తిరిగి యడిగిరని యెవరును చెప్పలేదు.

ఇంకొక్కమాట. నాయుడు మొత్తము ఏడు టెస్టు పోటీలాడెను. అందు ఐదు ఓటములు, రెండు సమములు, గెలుపు సున్న. హోల్కరు జట్టుకు నాయకుడై రంజీ ట్రోఫీని నాలుగు మారులు గెలిచి యిచ్చిన మాట నిజమే. కాని దేశము పక్షమున నాడి ఒక్క టెస్టునైనను గెలిచి యెఱుగని యీ వీరుని దేశమంతయు నెత్తిన బెట్టుకొన్నది. గెలుపే యభిమానమునకు మూలమైనచో ఈ చరిత్రకు అర్థము చెప్పుట యెట్లు?

ఇదే కోవకు చెందినవాడు బుచ్చిబాబు కుమారుడు కోటా రామస్వామి. దత్తత వలన నింటిపేరు మారెను. 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో దేశము పక్షమున నాడి, 1936లో నలువదేండ్ల ప్రాయమున మాంచెస్టరునందు తొలిసారి టెస్టు క్రికెట్ ఆడి, 40యును 60యును పరుగులు చేసెను. ఆ ఆటయు గెలుపు కాదు, సమమే. ఈయన తన జీవితకథకు పెట్టిన పేరున తన్ను తాను "ఆటల వ్యసనపరుడు"గా చెప్పుకొనెను; విజేతనని చెప్పుకొనలేదు. ఆ పదమునందే యీ వ్యాసమునకు వలసిన సమాధానము సగమున్నది.

తక్కిన సగము మన నాటకశాలలలో దొరకును. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగవిజయములు' ఆడునపుడు శ్రీకృష్ణరాయబారము సఫలమగునేమో యను నాశతో నెవడైనను టిక్కెట్టు కొన్నాడా? అది విఫలమగునని పసిబాలు డెఱుగును. అయినను తెల్లవార్లు కూర్చుండి, పద్యము ముగియగానే "వన్సుమోర్" అని కేకలు వేసిన జాతి మనది. ఫలితము తెలిసియు పద్యము కొఱకు పోయినాము. పాడినవాని గొంతు కొఱకు, రాగము విఱిచిన తీరు కొఱకు పోయినాము. ఆటస్థలమున గూడ రసజ్ఞుడు చేయున దిదియే. బంతిని బ్యాటు తాకిన క్షణమున కలుగు ఆనందము ఆ క్షణముననే సంపూర్ణము. సాయంకాలము ఫలకముపై వ్రాయబడు అంకెలు దానిని చెఱుపలేవు.

దీనికి తోడు సహవాసమొకటి. అపరిచితులు ప్రక్కప్రక్కల కూర్చుండి, మధ్యాహ్నమునకు పులిహోర పంచుకొని, సాయంకాలమునకు చుట్టములవలె విడిపోవుదురు. మూడవది జ్ఞాపకము. తాత చూచిన యాటను మనుమడు కన్నులార చూచినట్లే వర్ణించును. గెలుపు వార్త యొకనాటి పత్రికతో పాతబడును. ముచ్చట మాత్రము తరములు దాటును.

అట్లని గెలుపు రుచింపదని యెవరనగలరు? 1934 ఫిబ్రవరిలో తన మొదటి టెస్టున మన యోటమిని చూచిన చేపాకమే, పదునెనిమిదేండ్ల తరువాత మన తొలి గెలుపును చూచినది. వినూ మన్కడు పండ్రెండు వికెట్లు తీయగా, పంకజ్ రాయియు ఉమ్రీగరును శతకములు చేయగా, మనవారు ఇంగ్లండును ఇన్నింగ్సు మీద ఎనిమిది పరుగుల తేడాతో నోడించిరి. ఆనాటి యానంద మంత గొప్పదగుటకు కారణము దాని వెనుకనున్న యిరువదేండ్ల నిరీక్షణమే. ఓటములలో జట్టు నంటిపెట్టుకొని యున్నవానికే గెలుపు పూర్తిగా దక్కును.

ఆ చేపాకమే తరువాత రెండు పాఠములు చెప్పెను. 1986 సెప్టెంబరులో ఆస్ట్రేలియాతో నాడిన టెస్టున మనకు 348 పరుగులు కావలసియుండగా 347 వద్ద చివరి వికెట్టు పడెను. గెలుపు లేదు, ఓటమి లేదు. ఉభయపక్షముల పరుగులును సరిసమానము. టెస్టు చరిత్రలో నట్లు జరుగుట రెండవసారి మాత్రమే. దాని నెవరును నిష్ఫలమైన యాట యనలేదు.

రెండవది 1999 జనవరి 31. పాకిస్తాను జట్టు పండ్రెండేండ్లకు భారతదేశమున టెస్టు ఆడ వచ్చెను. రెండు దేశముల వైమనస్య మెట్టిదో చెప్పనక్కఱలేదు. మనవారికి 271 పరుగులు కావలెను. సచిన్ టెండూల్కరు నడుము నొప్పితో బాధపడుచునే 136 పరుగులు చేసి 254 వద్ద వెనుదిరుగగా, మిగిలిన మూడు వికెట్లును నాలుగు పరుగులకే కూలెను. పండ్రెండు పరుగుల తేడాతో నోటమి. ఒక నిమేషము మైదానమంతయు నిశ్శబ్దము. పిమ్మట జనసమూహము లేచి నిలిచి కరతాళధ్వనులు చేసెను. పాకిస్తాను ఆటగాండ్రు మైదానము చుట్టును ప్రదక్షిణముగా పరుగిడి ఆ గౌరవమును శిరసావహించిరి. బుచ్చిబాబు కాలమునుండి శతాబ్దమునకు పైగా చేపాకమున పెరిగిన రసజ్ఞతకు అది పంట.

దీనికి ముందు మూడేండ్లకు, 1996 మార్చి 13న, కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ప్రపంచకప్పు ఉపాంత్య పోటీయందు మన జట్టు ఓటమి యంచున నుండగా, ప్రేక్షకులలో కొందఱు సీసాలు విసరి, ఆసనములకు నిప్పుపెట్టిరి. ఆట నాపి శ్రీలంకకు విజయము ప్రకటింపవలసి వచ్చెను. అక్కడివారికి ఆటపై ప్రేమ తక్కువ యని కాదు. ఆ సాయంకాలము వారిలో కొందఱు గెలుపు తప్ప వేఱేమియు కోరలేదు. గెలుపొక్కటే కోరినవానికి ఓడిననాడు మిగులునది కోపమే.

బెంగుళూరు నందలి మనవారికి ఇటీవలి యుదాహరణము గుర్తుండియే యుండును. 2008లో ఆరంభమైన ఐ.పి.ఎల్. పోటీలలో ఆ నగరపు పురుషుల జట్టు మూడు మారులు చివరి యాటవరకు పోయి యోడెను. "ఈ మారు కప్పు మనదే" యని యేటేట అనుకొనుటయు, కానిచో తమ్ము తామే పరిహసించుకొని నవ్వుకొనుటయు అభిమానుల కొక వేడుకగా మారెను. ఆ వేడుకలో కన్నడమువారు, తమిళులు, తెలుగువారు అను భేదము లేకుండెను. 2025 జూన్ 3న కప్పు వచ్చెను. మఱునాడు చిన్నస్వామి క్రీడారంగము వెలుపల తొక్కిసలాటలో పదునొకండుగురు ప్రాణములు కోల్పోయిరి. పదునేడేండ్ల యోటములు ఒక్కరి ప్రాణమును తీయలేదు. గెలుపు చుట్టును చేరు జనసమ్మర్దమునకు తగిన యేర్పాటును సంయమనమును లేనిచో కలుగు ననర్థ మెట్టిదో ఆ దినము చూపెను.

పుట్టిన భాష యొకటి, పెరిగిన నేల యొకటి యైన మనకు ఈ చరిత్రలో మఱియొక విశేషము గోచరించును. నాయుడు నాగపురమువారికి నాగపురమువాడు, ఇందూరువారికి ఇందూరువాడు, మనకు మనవాడు. ఆయన పరుగులను ఇన్ని జాతులవారు పంచుకొన్నను ఎవరి వాటాయు తఱిగిపోలేదు. కప్పును మాత్రము పంచుకొనుట సాధ్యము కాదు. అది యొక్కరి యల్మారలోనే యుండును. మెచ్చుకోలు పంచినకొలది పెరుగును. మన పిల్లలను మైదానమునకు తీసికొని పోవునపుడు ఎవరు గెలుతురో చెప్పుటకు మనవలన కాదు. మంచి దెబ్బ ఎవరు కొట్టినను చప్పట్లు కొట్టవలెనని మాత్రము చెప్పగలము. అది నేర్చిన బిడ్డ యే సాయంకాలమును రిక్తహస్తములతో నింటికి రాడు.