సర్కారు కొలువు: జీతమును కాలమును

ప్రభుత్వోద్యోగుల జీతములు పెంచవలెనను మాట పుట్టినప్పుడెల్ల దేశములో రెండు కంఠములు లేచుచుండును. పన్ను చెల్లించువాడు, రైతునకు లేని భాగ్యము గుమాస్తాకేల యని యడుగును. ఉద్యోగి, బియ్యపు ధర పెరిగినది, ప్రొద్దుగ్రుంకినను కచేరి విడువదు, పిల్లల చదువెట్లు సాగునని యడుగును. ఇద్దరును మన యిండ్లలోనివారే. అన్న సేద్యము చేయుచుండగా తమ్ముడు కచేరిలో కొలువుచేయు కుటుంబములు మనలో నెన్ని లేవు! కావున నీ తగవును పక్షపాతము లేక విచారింపవలెనన్న చరిత్ర నడుగుట మంచిది. చరిత్ర చెప్పు మాట యొక్కటే: క్రింది యుద్యోగికి తగ్గించి యిచ్చిన జీతము ప్రభుత్వమునకు మిగులు కాదు, దానిని మరియొకచోట మరియొకరు చెల్లించుచునే యున్నారు.

ఈ ప్రశ్న నిన్న నేడు పుట్టినది కాదు. 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున భృత్యుల భరణమును గూర్చిన ప్రకరణ మొకటి కలదు. అందు మంత్రి పురోహిత సేనాపతులకు 48,000 పణములును, లేఖకులకు గణకులకు 500 పణములును, కడపటి పరిచారకులకు 60 పణములును విధింపబడినవి. మొదటివానికిని కడపటివానికిని ఎనిమిదివందల రెట్ల యంతరము! ఇది మనకు రుచింపదు. అయినను మెచ్చదగిన విషయములు రెండున్నవి. భృత్యులపై వ్యయము ఆదాయమున నాల్గవపాలుగా నుండవలెననుట యొకటి. కొలువులో మరణించినవాని యాలుబిడ్డలకు అన్నవేతనములు నడపవలెననుట రెండవది. ఉద్యోగులు రాజధనమును హరించు మార్గములు నలుబదింటిని లెక్కించిన యా లోకజ్ఞుడు, శిక్ష యొక్కటియే చాలునని యెంచలేదు.

ఈస్టిండియా కంపెనీవారికి ఈ వివేకము లేకపోయెను. తొలిదినములలో రైటరను చిన్నయుద్యోగికి సంవత్సరమునకు 5 పౌనులు మాత్రమే జీతము. తక్కినది సొంత వ్యాపారమున సంపాదించుకొమ్మని వదలిపెట్టిరి. ఆ సంపాదన యెట్టిదో వంగదేశము చవిచూచినది. 1786లో గవర్నరు జనరలుగా వచ్చిన కారన్‌వాలిసు దీనిని గ్రహించి, కలెక్టరునకు నెలకు 1,500 రూపాయల జీతమును, వసూళ్లపై కొంత ప్రతిఫలమును ఏర్పరచి, సొంత వ్యాపారమును మాన్పించెను. మందు సరియైనదే, కాని దానిని దొరలకు మాత్రమే పోసెను. పెద్దయుద్యోగములు భారతీయులకు మూసివేయబడినవి. చిన్నయుద్యోగములలో చిన్నజీతములే నిలిచినవి.

దాని ఫలమును చెన్నరాజధానిలో మన పూర్వులనుభవించిరి. అచ్చట తహశీలుదారుని చేతిలో శిస్తు వసూలును పోలీసధికారమును రెండును ఉండెను. అతని క్రింది బంట్రోతునకు నెలకు కొలది రూపాయలు. వీరిని కనిపెట్టి చూడవలసిన దొరలు జిల్లా మొత్తమునకు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. శిస్తు నిలిచెనా, బంట్రోతు రైతును వంచికట్టి యెండలో నిలుపును; కిట్టి యను చెక్కల నడుమ వ్రేళ్లను బిగించును; విడువవలెనన్న తన చేతిలోను కొంత పెట్టవలెను. తెలుగువారైన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1852లో చెన్నపట్టణమున స్వదేశీయుల సంఘమును స్థాపించి, ఈ బాధలను పార్లమెంటునకు విన్నవించిరి. మరుసటి యేడు డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుడు రాగా, ఆయనను జిల్లాలలో త్రిప్పి రైతుల గోడు చెవులార వినిపించిరి. 1854లో సేమూరు కామన్సు సభలో ఈ మాట నెత్తగా విచారణసంఘ మొకటి నియమింపబడెను. 1855 నాటి దాని నివేదిక హింస నిజమేయని యొప్పుకొనెను. 1859లో రెవిన్యూ నుండి వేరుపడిన పోలీసుశాఖ యేర్పడెను.

బంట్రోతు దుర్మార్గుడని చెప్పి యూరకుండుట సులభము. అతడు చేసినది క్షమింపరానిదే. కాని అధికారము మెండుగా నిచ్చి అన్నము కొంచెముగా పెట్టిన ప్రభుత్వమునకు ఆ పాపమున పాలు లేదా? ఖజానాలో మిగిలినదనుకొన్న రూపాయి రైతు గుమ్మమున వసూలైనది. మామూలనునది జీతములో నొక భాగమై కూర్చుండినది.

ఇక పైజీతముల మాట. 1930 మార్చి 2వ తేదీని గాంధీజీ వైస్రాయి యిర్విను దొరకు వ్రాసిన లేఖలో, నెలకు 21,000 రూపాయలకు పైబడిన యా దొర జీతము, దినమునకు రెండణాలైన లేని భారతీయుని సగటు రాబడికి అయిదువేల రెట్లు మించినదని లెక్కగట్టి చూపిరి. 1931లో కరాచీ కాంగ్రెసు, ఉద్యోగి జీతము సాధారణముగా 500 రూపాయలు మించరాదని తీర్మానించెను. 1937లో రాజగోపాలాచారిగారును, ఇతర రాష్ట్రముల కాంగ్రెసు మంత్రులును ఆ 500 రూపాయలనే జీతముగా గైకొనిరి. 1946లో తపాలా ఉద్యోగులు సమ్మె కట్టిరి. ఆ యేడే నియమింపబడిన వరదాచారిగారి వేతనసంఘము, 1947లో కనిష్ఠవేతనము 30 రూపాయలు, కరవు భత్యము 25 రూపాయలు, వెరసి 55 అనియు, గరిష్ఠవేతనము 2,000 అనియు సిఫారసు చేసెను. అంతరము ముప్పదియారు రెట్లకు దిగినది. జీవనమునకు చాలని జీతము నిచ్చుట ప్రభుత్వమునకు తగదను సూత్రము మనదేశమున వేరూనినది.

జీతము సగము కథయే. తక్కిన సగము కాలము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, దినమునకు 9 గంటలును వారమునకు 48 గంటలును మించిన పనికి రెట్టింపు కూలి విధించెను. కాని రైలింజను నడపువారి గంటల కంత సులభముగా హద్దు దొరకలేదు. 1973లో వారు సమ్మె చేసి పదిగంటల హద్దును ఒప్పించుకొనిరి. 1974 మే 8 మొదలు 27 వరకు రైల్వే ఉద్యోగులెల్లరు ఎనిమిదిగంటల పనిని, బోనసును, ఇతర ప్రభుత్వసంస్థలతో సమానమైన జీతమును కోరుచు సమ్మె కట్టిరి. వేలకొలది జనులు చెరసాలల పాలైరి, సమ్మె విఫలమైనది. ఒకప్పుడు రైల్వే కార్మికుల సమాఖ్యకు నాయకులైన వరాహగిరి వేంకటగిరిగారే అప్పుడు రాష్ట్రపతి! బోనసు 1979లో లభించినది. కాలమును గూర్చిన కోర్కె ఉద్యోగి సుఖమునకు మాత్రమే సంబంధించినది కాదు. నిద్రలేని కన్నులతో ఇంజను నడపువాని వెనుక వేయిమంది ప్రయాణికులు కూర్చుండియున్నారు.

అదనపు కాలమునకు అదనపు కూలి దయాదానము కాదు. ఇచ్చట ఇంకొక మనిషి కావలెనని ప్రభుత్వమునకు చేయు హెచ్చరిక. అట్లుగాక, చాలని జీతమును ఆ కూలితో పూరించుకొనుట యలవాటైనచో, పగలు జరుగవలసిన పని సాయంకాలమునకు జరుగుచుండును. అప్పుడును నష్టపడునది ప్రజలే.

నేడీ ప్రశ్న వేరొక రూపమున వచ్చినది. ఒకే కచేరిలో, ఒకే బల్లయొద్ద, ఒకే పని చేయు నిద్దరిలో ఒకరు స్థిరోద్యోగి. మరియొకరు ఒప్పందపు టుద్యోగి. జీతములు వేరు, సెలవులు వేరు, రేపటి ధైర్యము వేరు. 2016లో సుప్రీంకోర్టు పంజాబు రాష్ట్రపు వ్యాజ్యెమున, సమానమైన పనికి సమానవేతనమను సూత్రము తాత్కాలికోద్యోగులకును వర్తించునని తీర్పు చెప్పినది. ఈ మిగులుబాటును చూచి సంతోషించు పౌరుడు ఆనాటి బంట్రోతు కథను మరువరాదు.

క్రిందివాని కడుపు నిండునట్లు, వాని గంటలకు హద్దుండునట్లు చూచిన పిమ్మటనే లంచగొండిని దండించు ధర్మబలము ప్రభుత్వమునకు కలుగును. మనవంతు ధర్మము మనకును కలదు. జీతమునకు మించిన సొమ్ము ఇల్లు చేరిననాడు, ఇది యెవరి వ్రేళ్లను బిగించి తెచ్చినదని యడుగు ధైర్యము ఇల్లాలికి నుండవలెను.